తడిసిన సంచి

ఆరంతస్తుల ఆ ఆఫీసు భవనంలో పనిమంతురాలంటే తనే అని పెద్దకోడలి నమ్మకం. పదకొండేళ్ళ సర్వీసు మరి! మూడో అంతస్తు ఊడ్చి తుడిచే పని ఆమెది. పై అంతస్తు ఆమె తోటికోడలిది. రెండేళ్ళ కిందట చిన్నకోడలిని వెంటబెట్టుకొచ్చి, మేనేజరుని బతిమాలి, పనిలో పెట్టించింది తనే. మాప్ పిండటం కూడా రాని మనిషికి ఓపిగ్గా అన్నీ నేర్పింది.

ఇప్పుడేమో ఎవరి నోట విన్నా చిన్నకోడలి మాటే!

చెత్తను వేరు చేసి రీసైక్లింగుకి ఇవ్వాలని ఆఫీసువాళ్ళు మూడు రంగుల డబ్బాలు పంపారు. అందరూ వాటిని ఓ మూల పెట్టి ఊరుకున్నారు. చిన్నకోడలు మాత్రం బల్లల కింది చెత్తబుట్టలన్నీ తీసేసి, వరస చివర మూడు డబ్బాలూ పెట్టి, పక్కనే ఒక బకెట్ ఉంచింది. మిగిలిన టీ అందులో పారబోశాకే కప్పు డబ్బాలో వేయాలి. మొదట అందరూ నవ్వారు. వారం తిరిగేసరికి కోటు వేసుకున్న ఆఫీసర్లు కూడా కప్పు పట్టుకుని బకెట్ దగ్గర లైను కట్టారు.

"నాలుగో అంతస్తును చూసి నేర్చుకోండమ్మా," అన్నాడు మేనేజరు మీటింగులో. "శుక్రవారం రీసైక్లింగు వ్యాను వచ్చాక, బాగా చేసినవాళ్ళని అన్ని అంతస్తులకీ ఇన్‌చార్జిగా వేస్తాం. ఇక తుడిచే పనుండదు."

పెద్దకోడలికి ఒళ్ళు భగ్గుమంది. మోకాళ్ళు అరిగేలా తుడిచింది తను, కుర్చీ దానికా?

"అక్కా, నీ అంతస్తులోనూ బకెట్ పెడదామా? నేనొచ్చి సర్దుతాను," అంది చిన్నకోడలు మెట్ల దగ్గర.

"నాకు నేర్పేంతదానివయ్యావుటే? పో, నీ పని చూసుకో!"

"అయ్యో, అలా అంటావేంటక్కా," అని నవ్వేసి వెళ్ళిపోయింది. ఆ నవ్వు చూస్తే ఇంకా మండింది.

వ్యానతని పద్ధతి అందరికీ తెలుసు. కాయితాల డబ్బాలోంచి తీసి కట్టిన సంచిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూస్తాడు. అడుగున తడి తగిలిందా, సంచి మొత్తం వెనక్కే. శుక్రవారం పొద్దున చిన్నకోడలు నీళ్ళకి వెళ్ళిన సందు చూసి, పెద్దకోడలు నాలుగో అంతస్తుకెక్కింది. కాయితాల సంచి దారం విప్పింది. బకెట్‌లోని టీ అంతా అందులో కుమ్మరించింది. గబగబా మూతిని రెండు మెలికలు తిప్పి, కొస లోపలికి దోపి, పిల్లిలా దిగొచ్చేసింది.

భవనం వెనక వ్యాను ముందు అందరూ చేరారు. చిన్నకోడలు తన సంచి మూతి మీద చెయ్యి వేసి ఆగిపోయింది. ఆ భవనంలో అందరూ సంచి మూతిని దారంతో కడతారు. మెలికలు తిప్పి కొస దోపేది పెద్దకోడలు ఒక్కతే. పదకొండేళ్ళ అలవాటు, చెయ్యి తనంతట తనే చేసేసింది. చిన్నకోడలు తలెత్తి ఆమె వంక చూసింది. పెద్దకోడలు తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయింది.

ఇంకెవరూ చూడకముందే చిన్నకోడలు కొస లాగి మూతి విప్పేసింది. వ్యానతను చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. "ఛీ, అడుగంతా తడే! ఇది నాకొద్దు."

"ఏంటమ్మా ఇది?" అన్నాడు మేనేజరు.

"నేనే సరిగ్గా చూసుకోలేదు సార్."

అంతే. సర్వీసు చూసి ఇన్‌చార్జి పని పెద్దకోడలికే ఇచ్చారు.

సోమవారం కొత్త నీలం కోటు తొడుక్కుని, లెక్క రాసుకునే అట్ట పట్టుకుని, ఆమె నాలుగో అంతస్తుకెళ్ళింది. చిన్నకోడలు లేచి నిలబడింది.

"డబ్బాలు సిద్ధంగా ఉన్నాయి మేడమ్. చూసుకోండి."

"మేడమేంటే? నన్ను మీరు అనడమేంటి?"

"ఇంకేమైనా చెప్పాలా మేడమ్?"

మధ్యాహ్నం మెట్ల కింది గదిలో చిన్నకోడలు లిఫ్టు నడిపే ఆవిడ పక్కన కూర్చుంది. ఆవిడ పనిలో చేరి నెలైనా కాలేదు.

"ఇంకాస్త కూర వేసుకో అక్కా," అంటోంది చిన్నకోడలు.

ఎదుటి మూల తింటున్న పెద్దకోడలు చేతిలో ముద్ద గిన్నెలో వదిలేసింది. నిన్నగాక మొన్న వచ్చినదాన్ని అక్కా అంటుందా! ఈ కోటు విప్పి ఆ లిఫ్టావిడ మొహాన కొట్టి, ఆ పిలుపు లాక్కోవాలనిపించింది. కానీ అడగడానికి మొహం చెల్లలేదు.