లెక్కకు రాని వంట

"నీది టైంపాస్ ఉద్యోగం, అరుణా. నాది అట్ల కాదు" అన్నాడు నా భర్త మహేశ్వర్, నేను ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ. ఆయన మాదాపూర్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. నేను చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో విదేశీ సాయం అందుకునే సంఘాలకు దాతల నిబంధనలు నేర్పుతాను. బిల్లు లేని ఖర్చు రాయకూడదని, చుట్టాలకు కాంట్రాక్టు ఇవ్వకూడదని చెప్పడం నా పని. నేను సంచి భుజానికి తగిలించుకున్నాను. బస్సు టైం అవుతోంది.

ఆ రోజు మొయినాబాద్ దగ్గరి చిన్న మంగళారంలో శిక్షణ. హైటెక్ సిటీ లేచాక ఆ చుట్టుపక్కల పొలాలన్నీ ఫామ్‌హౌస్‌లయ్యాయి. వాటిలో తోటపనికి వెళ్లే తల్లుల పిల్లల కోసం ఒక రేకుల షెడ్డులో బాలవాడి నడుస్తోంది. అంతమ్మ, మైసమ్మ అక్కడ పిల్లలకు వండి పెడతారు, కడుగుతారు, నిద్రపుచ్చుతారు. వాళ్లకు జీతం లేదు. సంఘం అధ్యక్షుడు వెంకటయ్య మాజీ సర్పంచ్, పెద్ద రైతు, ఊళ్లో అందరూ పటేలు అంటారు.

తర్వాతి విడత సాయం రావాలంటే ఊరు కూడా తన వాటా పెట్టాలని చెప్పాను. డబ్బు లేకపోతే శ్రమ చేసినా చాలు, దానికి ఊళ్లో నడిచే కూలి రేటు కట్టవచ్చు.

"అయితే మా పోరగాళ్లు ప్రహరీ గోడ కట్టిన్రు. అది రాసుకో" అన్నాడు వెంకటయ్య.

నేను కిటికీలోంచి చూశాను. గోడ లేదు, పునాది కూడా తవ్వలేదు.

"కడతరు తియ్యమ్మా, యాడికి వోతది" అన్నాడు.

అంతమ్మ మెల్లగా లేచింది. "మరి మేం వండుతున్నది ఏడ రాస్తరమ్మా?"

మగవాళ్లు నవ్వారు. "వంట గూడ పనేనా అంతమ్మా? మీ ఇంట్ల వండుకోవా?" అన్నాడు వెంకటయ్య.

నిబంధనలో శ్రమ అనే ఉందని, మగవాళ్ల శ్రమ అని లేదని చెప్పాను. ఆయన నా మాట పూర్తి కానివ్వకుండా సెల్‌ఫోన్ తీసి మా శిక్షణ సంస్థ డైరెక్టర్ రాకేష్‌కు కలిపి, నా చేతికిచ్చాడు.

"మేడమ్, కొత్త పంచాయితీలు పెట్టకండి. వెంకటయ్యగారు చెప్పింది సర్టిఫై చేసి రండి" అన్నాడు రాకేష్.

సంతకం చేయకుండానే వచ్చేశాను. రాత్రి చపాతీలు ఒత్తుతూ మహేశ్వర్‌కు చెప్పాను. ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"ఒక్క సంతకమే గద. ఆ ఆడోళ్లు ఎట్లనూ వండుతరు. రాస్తే ఎంత, రాయకుంటే ఎంత?"

ఎట్లనూ వండుతరు. నేను కూడా ఎట్లాగూ వండుతాను. జ్వరమొచ్చినా వండుతాను, పగలంతా ఊళ్లు తిరిగొచ్చినా వండుతాను. మా అత్త నిర్మలమ్మ పక్కింటివాళ్లతో "కోడలు దినమంతా బయట తిరుగుతది, ఇంట్ల ఏం చేస్తదని" అంటుంటే వింటూనే వండుతాను. చేస్తూనే ఉంటాం గనుక అది పని కాదు. మానేస్తే మాత్రం పెద్ద నేరం. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుంటే పని, కట్టని గోడ కూడా పనే, పాతికమంది పిల్లల ఆకలి తీర్చడం మాత్రం ఆడవాళ్ల అలవాటు. ఎవరు రాశారు ఈ లెక్క? చపాతీ పెనం మీద మాడింది. తీసి పక్కన పెట్టలేదు, అలాగే ఆయన కంచంలో వేశాను.

మరుసటి వారం దాతల తరఫున ఒక అధికారిణి చెన్నై నుంచి తనిఖీకి వచ్చింది. ఆమెకు తెలుగు రాదు. ఇంగ్లిష్‌లోకి చెప్పే పని నాకిచ్చి, రాకేష్ చెవిలో అన్నాడు: "అవసరమైనంతే చెప్పండి మేడమ్."

షెడ్డులో ఆమె అంతమ్మను పలకరించింది. "పొద్దుగాల్నే వస్తమమ్మా. నీళ్లు మోస్తం, వండుతం, పోరగాళ్లను కడుగుతం. మాదొక పని కాదని పటేలు అన్నడు" అంది అంతమ్మ.

ఒక్క మాట వదలకుండా చెప్పాను. రాకేష్ దగ్గాడు. నేను ఆగలేదు. వెంకటయ్య నవ్వుతూ అన్నదీ, మగవాళ్లు నవ్విందీ కూడా చెప్పాను. ఆమె విని, రాకేష్ తనే సంతకం చేసి పంపిన లెక్కల కాగితం తీసి, అందులో రాసిన గోడ ఎక్కడుందని అడిగింది. బయటికి వెళ్లి ఖాళీ స్థలం చుట్టూ నడిచి వచ్చింది. గోడ లెక్క కొట్టేసి, వంట లెక్కలోకి తీసుకుంది. సాయం ఆగలేదు.

అంతమ్మ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

తెల్లారి రాకేష్ ఆఫీసులో ఎదురొచ్చాడు. "ట్రైనింగ్‌కు వేరేవాళ్లను చూసుకుంటం మేడమ్. మీరు రావద్దు."

ఇంటికొచ్చి చెప్పాను. మహేశ్వర్ ముఖంలో కోపం లేదు, హాయి ఉంది. అదే నన్ను ఎక్కువ మండించింది.

"పోనీ తియ్, మంచిదే అయింది. అమ్మకు తోడుంటవ్. ఇగ నీకు పనేం లేదు గద."

"ఉద్యోగం పోయిందండీ. పని ఎన్నడన్న పోయిందా?" అన్నాను.

వంటింట్లోంచి అత్త అంది: "రేపు మా ఆడిబిడ్డోళ్లు వస్తున్నరు. పదిమందికి అన్నం కావాలె."

నేను లోపలికి వెళ్లి నిబంధనల పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. ఆడవాళ్లం సొంతంగా సంఘం పెట్టుకుంటాం, నిబంధనలు నేర్పమని తనిఖీ రోజు చెయ్యి పట్టుకున్నప్పుడే అంతమ్మ అడిగింది. పొద్దున్నే తలుపు దగ్గరగా వేసి మొయినాబాద్ బస్సెక్కాను. పొయ్యి వెలిగించకుండా ఇల్లు దాటడం, పెళ్లయ్యాక నాకు అదే మొదటిసారి.