పెద్దల్లుడు చూసిన చేపలు

ఊళ్లో వాళ్లందరి కళ్లూ చూసే మన పెద్దల్లుడికి తన కళ్లజోడు తీస్తే ఎదురుగా ఉన్నది గోడో గుమ్మమో తెలియదు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ సంగతి అత్తవారింట ఎవరికీ తెలియనివ్వలేదు. పడుకునేదాకా జోడు తీయడు, లేస్తూనే తడుముకుని తగిలించుకుంటాడు. కళ్లజోళ్ల దుకాణం ఆయనది. చుట్టుపక్కల వాళ్లు 'డాక్టరుగారూ' అని పిలవడం మొదలుపెడితే, కాదనడం మర్యాద కాదని ఊరుకున్నాడు. చివరికి తనే నమ్మేశాడు.

వైద్యం కూడా దానికి తగ్గట్టే ఉండేది. అద్దం మార్చి, "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అంటాడు. వచ్చినవాడు ఏదంటే అదే తను ముందే అనుకున్నానంటాడు. అనుమానంగా చూసినవాడికి ఫ్రేము మీద తగ్గింపు ఇస్తాడు.

ఏడాదిగా అత్తగారి ఎడమ కన్ను మసక. బస్సు డిపోలో గుమాస్తాగా చేసే చిన్నల్లుడు, "ఆస్పత్రిలో చూపిద్దాం అన్నయ్యా" అన్నాడు. పెద్దల్లుడికి ఒళ్లు మండింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనేవాళ్లంటే ఆయనకి మొదట్నించీ పడదు. "వయసు మసక అత్తయ్యా, పవర్ మారిస్తే అదే పోతుంది" అని జోడు మీద జోడు మార్చాడు. జోళ్లు మారాయి కానీ మసక చెక్కు చెదరలేదు. అల్లుడి మాట కాదంటే పెద్దకూతురు చిన్నబుచ్చుకుంటుందని ఆవిడ నోరు మెదపలేదు. కన్ను మాత్రం రోజురోజుకీ దిగజారిపోతోంది.

అలాంటి రోజుల్లో అందరూ కలిసి ఆ సముద్రపు ఊరికి వచ్చారు. అదేం ఊరో! హోటలు పక్కన హోటలు, బాల్కనీలోంచి చూస్తే ఎదుటి బాల్కనీలో ఆరేసిన తువాళ్లు తప్ప సముద్రం కనబడదు. నడిచిన ప్రతి పది అడుగులకీ ఒకడు మెనూ కార్డు ముఖానికి అడ్డం పెట్టి లోపలికి లాగుతాడు. ప్రశాంతత కోసం వచ్చినవాళ్లంతా ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారు. "ఇది కాదు అసలు సముద్రం" అని పెద్దల్లుడు తేల్చేసి, వ్యాను మాట్లాడి, కొండకి అవతలున్న నిశ్శబ్దపు తీరానికి అందరినీ తోలుకెళ్లాడు. కళ్లకి అద్దం ఉండే ఈత మాస్కు పెట్టుకుని ముఖం నీళ్లలో ముంచితే చాలు, అడుగున చేపలు కనబడతాయట.

నిజానికి చోటు బాగుంది. ఆ మాటకి ఈ కథ చెప్పేవాళ్లకి కూడా పేచీ లేదు. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే మోకాలి లోతులో నిలబడితే కాలిగోళ్లు కనబడుతున్నాయి.

పాకలో మాస్కులు అద్దెకిచ్చే ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "కళ్లజోడు తీసేయాలండీ, లేకపోతే నీళ్లు లోపలికొస్తాయి. పవర్ ఉన్న మాస్కులూ ఉన్నాయి. మీ నంబరెంత?" అంది.

అత్తగారు వింటోంది. చిన్నల్లుడు వింటున్నాడు. ఇలాంటి మాస్కులే దుకాణంలో ఎందరికో ఉపన్యాసంతో సహా అమ్మిన మనిషికి, తనకంటూ ఒకటి తెచ్చుకోవాలని తోచనే లేదు. ఇప్పుడు నంబరు చెబితే ఇన్నేళ్ల పరువు ఇసకలో కలుస్తుంది.

"నాకెందుకమ్మా? ఇది దుకాణానికి హుందాగా ఉంటుందని పెట్టుకునేది" అని జోడు తీసి సంచిలో పడేసి, మామూలు మాస్కు బిగించుకున్నాడు. నీళ్లెటున్నాయో చప్పుడుని బట్టి పోల్చుకుని నడిచాడు.

ముఖం ముంచాడు. పచ్చగా ఏదో, నీలంగా ఏదో, అంతా కలిపి కలియబెట్టినట్టుంది. చేప సంగతి దేవుడెరుగు, తన చెయ్యే తనకి అనుమానంగా కనబడింది.

చిన్నల్లుడు తల పైకెత్తి, "భలే ఉన్నాయి అన్నయ్యా, చిన్న చిన్న పసుపు చేపలు!" అన్నాడు.

ఇక ఆగడం ఆయన వల్ల కాలేదు. "పసుపువేం చూశావు తమ్ముడూ? అటు బండ దగ్గర చూడాల్సింది. నీలం ఒళ్లు, నారింజ చారలు, కంటి చుట్టూ సన్నటి తెల్ల వలయం. పక్కనే తాబేలు" అని హోటలు లిఫ్టులో అంటించిన బొమ్మనంతా అప్పజెప్పేశాడు.

లోతు లేని చోట నీళ్లలో కూర్చున్న అత్తగారు నోరు తెరుచుకుని వింది. "అదృష్టవంతులు నాయనా! నేనూ ఓసారి చూస్తాను" అని ముందుకి వంగింది. అంతే, వదులుగా ఉన్న కొత్త జోడు ముక్కు మీంచి జారి నీళ్లలో పడింది.

"ఎవరూ కదలకండి, తొక్కేస్తారు!" అంది పెద్దకూతురు.

"పెద్దల్లుడుగారూ, మీరే తీయండి బాబూ. అంత దూరాన చేప కంటి వలయం చూసినవారు" అంది అత్తగారు. పాపం, నిజంగా నమ్మే అంది.

ఆయన మునిగాడు. మొదట రాయి దొరికింది. తర్వాత చిన్నల్లుడి బొటనవేలు దొరికితే, వాడు కెవ్వుమన్నాడు. మూడోసారి సన్నగా, వంకరగా ఏదో తగిలేసరికి ప్రాణం లేచొచ్చి, "ఇదిగో!" అని పైకెత్తి చూపించాడు.

అది నాచు కాడ.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఎదురుగా ముఖాలన్నీ అలికినట్టున్నాయి, ఎవరేమనుకుంటున్నారో తెలియక ఆయన ఆ కాడని అలాగే పైకెత్తి పట్టుకున్నాడు. భార్య వంగి, ఆయన మోకాలి పక్కనే తళతళలాడుతున్న జోడుని రెండు వేళ్లతో తీసి తల్లికిచ్చింది.

అత్తగారు దాన్ని పెట్టుకోలేదు. "ఇది మీకు కనబడలేదా?" అంది.

"మాస్కులో కాస్త ఆవిరి పట్టింది అత్తయ్యా..."

"మరి ఆ చేపలో?"

ఆయన మాస్కు తీసి, లేని ఆవిరిని తుడవడం మొదలుపెట్టాడు.

"కనబడని చేపని అంత ముద్దుగా చెప్పారే! నా కంటిని కూడా ఇలాగే చూశారా నాయనా?" ఆవిడ గొంతులో కోపం లేదు. భయం ఉంది. అది ఆయనకి కోపం కన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఆవిడ చిన్నల్లుడి వైపు తిరిగింది. "బాబూ, ఆ ఆస్పత్రి వాళ్లకి ఇప్పుడే ఫోను చెయ్యి. ఇంటికి వెళ్లీ వెళ్లగానే చూపించుకుంటాను."

"నా పేరు కూడా చెప్పు మరిదీ" అంది పెద్దల్లుడి భార్య, తన ముఖం మీది జోడు తీసి మడుస్తూ. "ఇది పెట్టుకున్నప్పటి నుంచీ తలనొప్పి అంటే, అలవాటవుతుందిలే అన్నారు ఈయన."