తాళం పడిన నవ్వు

ఆయన వెబ్ పేజీలకు కోడ్ రాస్తాడు. వంటగది బల్ల మీదే పని. కోడ్‌లో ఒక వస్తువు పేరు రాసి, చుక్క పెట్టి, ప్రాపర్టీ, అంటే గుణం రాసి, దానికో విలువ ఇస్తే ఆ ఇంట్లో ఆ వస్తువు అలాగే మారేది. కుర్చీ, చుక్క, రంగు, ఆకుపచ్చ. తల తిప్పి చూస్తే కుర్చీ పచ్చగా ఉండేది.

"ఆ కిటికీ కిర్రుమంటోంది, కాస్త రాసిపెట్టండి," అనేది భార్య కూర కలుపుతూ. "అందరి మొగుళ్లకీ ప్రాపర్టీలంటే స్థలాలు. మా ఆయనకి కిటికీలు."

కూతురు మూడో తరగతి. దాని నవ్వు నాయనమ్మ నుంచి దిగివచ్చింది, ఎవరో రాసింది కాదు. ఇల్లంతా దద్దరిల్లేది. పరాయి ఊరు కదా, ఆయన పరుగున వెళ్లి తలుపులు మూసేవాడు. "నెమ్మదమ్మా, పక్కవాళ్లు ఏమనుకుంటారు?"

ఒక ఆదివారం మేనేజరు భోజనానికి వస్తానన్నాడు. ఆయన పొద్దున్నే కూర్చుని రాశాడు: కూతురు, నవ్వు, మెల్లగా. జాగ్రత్తపరుడు. మామూలు చుక్క చాలదనిపించి, గుణాలను నిర్వచించే పెద్ద ఆదేశంతో రాశాడు.

మేనేజరు జోకుకి పాప నవ్వింది. చెంచా గిన్నెకి తగిలినంత చప్పుడు.

"పిల్లని ఎంత పద్ధతిగా పెంచారండీ," అన్నాడు మేనేజరు. ఆయన పొంగిపోయాడు.

అతిథి మెట్లు దిగగానే విలువ మార్చాడు: బిగ్గరగా. పాపకి చక్కిలిగింతలు పెట్టాడు. అదే చెంచా చప్పుడు. మళ్లీ రాశాడు. కంప్యూటర్ కనీసం తప్పని కూడా అనలేదు.

అదే పని చేసే బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఆ ఆదేశంతో పెట్టావా బావా? తర్వాత మార్చుకోవచ్చు అని అందులో విడిగా చెప్పాలి. చెప్పకపోతే తాళం పడినట్టే."

"తీసేస్తే?"

"తీయనివ్వదు. అయినా నా మేనకోడలేమన్నా కిటికీయా? అక్కకి చెప్పావా?"

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. పొయ్యి ఆపి, పాపని తీసుకొచ్చి ఆయన ఎదురుగా కూర్చోబెట్టింది. "నాకు కాదు, దానికి చెప్పండి."

తల వంచుకుని చెప్పాడు. పాప కాళ్లు ఊపుతూ వింది.

"నాది మారకపోతే నీది మార్చుకో నాన్నా. చెవులు. నేను ఎక్కడున్నా నీకు వినపడాలి."

ఆయన అలాగే రాశాడు, అదే ఆదేశంతో. ఈసారి తెలిసే తాళం వేశాడు.

మర్నాడు ఆఫీసులో మేనేజరు అందరినీ పిలిచి కొత్త పదవి ఆయనకే అన్నాడు. "పిల్లనే అంత పద్ధతిగా పెంచినవాడు పదిమందిని నడపలేడా?"

చప్పట్ల మధ్య ఆయనకి ఊరి అవతల ఉన్న బడి వినపడింది. ఆటస్థలం, అరుపులు, చిన్న చెంచా చప్పుడు. అదీ సగంలో నలిగిపోయింది.

"నవ్వేటప్పుడు నోటికి చెయ్యెందుకు అడ్డం పెట్టుకుంటావు?" ఎవరో పిల్ల అడుగుతోంది.

"మా నాన్నకి సిగ్గు," అంది కూతురు.

ఆ చెయ్యి ఆయన రాసింది కాదు.

చప్పట్లు ఆగాయి. రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆయన లేచాడు.

"మా అమ్మాయి నవ్వు చాలా పెద్దదండీ. మీరు మా ఇంట్లో విన్నది దానిది కాదు," అన్నాడు. "నేను చేసింది."