వేలు విడిచిన మామ

ఎవరు ఏ యంత్రం తెచ్చినా ఆమె మొదట అడిగేది ఒకటే. "స్విచ్ చూశారా?"

నీళ్ల పంపయినా, గడ్డి కోసే మిషనయినా అదే ప్రశ్న. సగం మంది నాలిక్కరుచుకుని, స్విచ్ పైకి నెట్టి, అక్కడే స్టార్ట్ చేసుకుని నవ్వుకుంటూ వెళ్లిపోతారు. మిగతా సగం మందికి మొహం మాడిపోతుంది. మేమంత తెలివితక్కువవాళ్లలా కనిపిస్తున్నామా అంటారు. ఈ రిపేరు షాపులో కూర్చుని ఆమె చాలా మందినే చూసింది.

పొద్దున్నే షట్టరెత్తి, నేల ఊడ్చి, బల్ల మీద పాత గుడ్డ పరిచి, గ్రీజు డబ్బా మూత తీస్తుంది. డబ్బాలోంచి వేలు బయటికొచ్చి, గుడ్డకి ఒళ్లు తుడుచుకుని, బల్ల అంచున కూర్చుంటుంది. అప్పటికి షాపు తెరిచినట్టు.

అది మామ వేలు. మామంటే ఆమె తల్లికి పినతల్లి కొడుకు, వేలు విడిచిన మేనమామ. ఆ చుట్టరికానికి ఆ పేరెందుకొచ్చిందో గానీ, ఆయన విషయంలో మాత్రం అది అక్షరాలా జరిగింది. పదకొండేళ్ల కిందట ఇదే బల్ల మీద ఆయన ఒక మోటారు రంపానికి చైను బిగిస్తుంటే, రంపం తెచ్చిన పెద్దమనిషికి ఓపిక నశించింది. ఇంకా ఎంతసేపయ్యా అంటూ తాడు లాగాడు. మామని ఆసుపత్రికి తీసుకెళ్లారు, కుడిచేతి చూపుడు వేలు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. కట్టుతో తిరిగొచ్చి చూస్తే అది బల్ల మీద కూర్చుని, మూలనున్న పంపు వైపు చూపిస్తోంది. విప్పితే సరిగ్గా అక్కడే గొట్టం చిట్లి ఉంది.

"చూపుడు వేలు కదా, చూపిస్తుంది" అన్నాడు మామ.

ఆ తర్వాత ఆయన వడ్రంగంలోకి దిగి, షాపు ఆమెకి వదిలేశాడు. నాలుగేళ్ల కిందట మామ పోయాడు. వేలు పోలేదు. ఇంజన్ తెచ్చినవాళ్లు ఇప్పటికీ "వేలు ఏమంటోంది?" అని అడిగి, అది చూపించేదాకా బల్ల దగ్గర నిలబడతారు. తల్లీతండ్రీ లేని ఆమెనీ, ఆమె చెల్లెల్నీ పెంచింది మామే. చెల్లెలు నడక నేర్చింది ఆ వేలు పట్టుకునే.

ఆ రోజు మొదటి బేరంగా వచ్చింది ఆ చెల్లెలి మొగుడు. ఒక చేతిలో మోటారు రంపం, ఇంకో చేతిలో పెట్రోలు డబ్బా. ముంజేతి మీద గోళ్లు గీరిన నాలుగు చారలు. రంపాన్ని ఆమె చూడగానే గుర్తుపట్టింది. పదకొండేళ్ల కిందట ఆ తాడు లాగిన పెద్దమనిషి ఇతని తండ్రే.

"రోడ్డుకి అడ్డంగా చెట్టు పడింది వదినా. ఇదేమో స్టార్ట్ అవట్లేదు. తొందరగా చూడు."

"స్విచ్ చూశావా?"

చెంప ఛెళ్లుమంది. ఆమె బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది. నోట్లో ఉప్పగా తగిలింది.

"నేను పుట్టినప్పట్నుంచీ మా ఇంట్లో ఉన్న రంపం ఇది. నాకు స్విచ్ నేర్పుతావా నువ్వు?"

ఆమె అలవాటుగా వేలు వైపు చూసింది. రంపం ఎదురుగానే ఉన్నా వేలు దానికేసి తిరగలేదు. మెల్లగా పక్కకి తిరిగి, లేచి, అతని గుండెల మీదికి చూపింది. వేలు చూపిన చోట చూడటం ఆమె పని. చొక్కా రెండో గుండీ దగ్గర రక్తం ఉంది. అతని ఒంటి మీద మాత్రం రక్తం కారే గాయమేదీ లేదు.

"చెట్టెక్కడ పడిందయ్యా? నిన్నంతా ఆకు కదిలితే ఒట్టు."

అతను వేలుని చూశాడు. మెడ మీద నరం ఉబ్బింది. "నన్నే వేలెత్తి చూపిస్తుందా ఇది?" అని బల్ల మీది సుత్తి అందుకుని దాని మీదికి విసురుగా దించాడు. బల్ల చెక్క చీలింది. వేలు తప్పించుకుని పాత బోల్టుల తొట్టిలోకి దొర్లిపోయింది.

ఇక దాచేదేం లేదనుకున్నాడో ఏమో, షట్టరు సగానికి లాగి అంతా చెప్పేశాడు. అతనికి అందులో సిగ్గుపడేది ఏమీ కనిపించలేదు. తెల్లారకముందే పెళ్లాం మాటకి మాట ఎదురు చెప్పిందట. కొట్టాడట. పడ్డచోటినుంచి లేచి గదిలోకి దూరి గడియ పెట్టుకుందట.

"గంటసేపు గొడ్డలితో కొట్టాను. పిడి విరిగింది గానీ తలుపు కదల్లేదు. మీ మామ చేసిందే కదా ఆ దరిద్రపు తలుపు."

అవును, మామ చేసిందే. చెల్లెలి పెళ్లికి మంచమో బీరువానో చేసిస్తాడనుకుంటే వాళ్ల గదికి తలుపు చేసిచ్చాడు. నాలుగంగుళాల మందం, లోపలివైపు మణికట్టంత లావు గడియ. లోపల అంత గడియెందుకు మామా అంటే, గాలికి అన్నాడు. అప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ పడీపడీ నవ్వారు. అది ఏ గాలికో ఆమెకి ఇప్పుడు అర్థమైంది.

"నేను చెయ్యను" అంది.

అతను అరమీదున్న పంపు ఇంజన్‌ని సుత్తితో కొట్టాడు. మూత పగిలి పళ్లచక్రం నేల మీద దొర్లింది. తర్వాత జనరేటర్. తర్వాత ఆమె మూడు రోజులు కూర్చుని బాగుచేసిన కుట్టుమిషన్ మోటారు. ఫోన్ తియ్యబోతే లాక్కుని బల్లకి బిగించిన ఇనప వైస్ దవడల మధ్య పెట్టి, పిడి తిప్పి నలిపేశాడు. ఆమె జుట్టు పట్టుకుని తల వంచి, అదే వైస్‌కి చెంప ఆనించాడు.

"రంపమైతే తలుపే పోతుంది. రంపం లేకపోతే ఈ డబ్బా ఉంది. గుమ్మం ముందు పోసి అగ్గిపుల్ల గీస్తాను. నీ చెల్లెలు, నీ ఇష్టం."

ఆమె లెక్కేసుకుంది. మంటకి క్షణం చాలు. నాలుగంగుళాల చేవ చెక్కని ముసలి రంపం కొయ్యడానికి పావుగంటైనా పడుతుంది. ఆ పావుగంటలో ఏమైనా చేయొచ్చు.

రంపాన్ని వెల్లకిలా తిప్పింది. ట్యాంకులో పెట్రోలు ఎర్రబడి, ముసలి వాసన వేస్తోంది. వంపేసింది. లోపలి వడపోత జిగురు పట్టి ఉంటే కడిగి, అతని డబ్బాలోంచి కొత్త పెట్రోలు ఆయిలు కలిపి పోసింది. ప్లగ్గు విప్పితే మసిబొగ్గులా ఉంది. ఇత్తడి కుంచెతో రుద్ది, తాడు లాగి చూస్తే నీలంగా నిప్పురవ్వ ఎగిరింది. అయినా ఇంజన్ పలకలేదు. గాలి వచ్చే దారి బాగుంది, కార్బురేటర్ బాగుంది. వేలు ఉంటే ఈపాటికి చూపించేదే. అదేమో బోల్టుల తొట్టిలోంచి బయటికి రాలేదు. వెనక అతను సుత్తితో అరచేతిలో తట్టుకుంటున్నాడు. ఆమె కళ్లు మూసుకుని ఆలోచించి, సైలెన్సర్ విప్పింది. లోపలి జాలీ మసితో పూడిపోయి ఉంది. ఊపిరి వదిలే దారి లేక చస్తోంది ఇంజన్. జాలీని మంట మీద కాల్చి, దులిపి, బిగించింది.

చోక్ వేసి తాడు లాగింది. ఒక దగ్గు దగ్గింది. చోక్ తీసి మళ్లీ లాగింది. అందుకుంది.

షాపంతా దద్దరిల్లింది. ఆ ఒక్క క్షణం ఆమెకి సంతోషం కలిగింది. వేలు సాయం లేకుండా తను చేసిన మొదటి రిపేరు అది. మరుక్షణం తన చేతుల్ని తనే నరుక్కోవాలనిపించింది.

అతను రంపం ఆపి, తీసుకుని బయల్దేరాడు. ఆమె షట్టరుకి అడ్డంగా నిలబడింది. రంపాన్ని రెండు చేతులా ఎత్తి ఆమె పక్కటెముకల మీద మోదాడు. చైను పళ్లకి జాకెట్టు చేయి చిరిగి, దాని కింది చర్మం చిరిగింది. ఆమె పడిపోయింది. అతని ఒక్క తన్నుతో బోల్టుల తొట్టి బోర్లాపడింది. ఆమె ఆ బోల్టుల మధ్య వెతికింది. వేలు లేదు.

పెట్రోలు డబ్బా మాత్రం అక్కడే మర్చిపోయాడు. రంపం దొరికాక దాంతో అతనికి పనిలేదు మరి.

పక్కటెముకలు పట్టుకుని రెండు వీధులు ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. ఇంటి ముందు జనం మూగి ఉన్నారు. ఎవరూ లోపలికి వెళ్లట్లేదు. ఆమె తోసుకుని వెళ్లింది. హాలంతా పొట్టు. కుర్చీలు విరిగి ఉన్నాయి, గోడ మీద చెయ్యి జారిన రక్తపు మరక. మామ తలుపు పైనుంచి సగం దాకా చీలి ఉంది. ఆ చీలికలోంచి ఒక కన్ను కనిపిస్తోంది. ఆ కన్ను వాచి సగమే తెరుచుకుంది.

రంపం ఆగిపోయింది. అతను దాన్ని నేలమీద పెట్టి, వెనక పిడిలో బూటు దూర్చి తొక్కి, తాడు లాగుతున్నాడు. లాగిన ప్రతిసారీ అది ఒక్క దగ్గు దగ్గి ఆగిపోతోంది. ఇంకొక్కసారి లాగితే అందుకునేలాగే ఉంది. అందుకే మళ్లీ లాగుతున్నాడు.

ఆమెకి వేలు కనిపించింది. పిడి మీద స్విచ్ పక్కనే, గ్రీజు నలుపులో రంపం భాగమేమో అన్నట్టు కూర్చుని ఉంది. అతను తాడు లాగగానే ఒక్క దగ్గుకి సరిపడా ఆగి, స్విచ్ కిందికి నొక్కుతోంది. అతను తాడు వదలగానే పైకి నెడుతోంది.

"ఏం చేశావే దీనికి?" అరిచాడు ఆమెని చూసి.

ఆమె ఉన్నమాటే చెప్పింది. "స్విచ్ చూశావా?"

"నన్ను వెర్రివాణ్ణి చేస్తున్నావా? ముందు దీని పని కానీ, తర్వాత నీ పని చెప్తా." స్విచ్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆమె అడిగినందుకే ఇక చావనైనా చస్తాడు గానీ చూడడు. మళ్లీ లాగాడు. అరచెయ్యి చర్మం లేచి తాడు ఎర్రగా తడిసింది. ఇరవయ్యోసారికో ముప్పయ్యోసారికో భుజంలో టక్కుమంది. కెవ్వుమని అరిచి, చెయ్యి మార్చి, ఎడమచేత్తో లాగడం మొదలుపెట్టాడు.

లోపల గడియ తీసిన చప్పుడైంది. చెల్లెలు తలుపు తెరుచుకుని బయటికొచ్చింది. ఒక కాలు ఈడుస్తోంది, పై పెదవి చీలి ఉంది. అక్క పరిగెత్తమని చెయ్యి ఊపింది. చెల్లెలు పరిగెత్తలేదు. చెక్కపొట్టు తొక్కుకుంటూ వచ్చి, సరిగ్గా మొగుడి ముందు, అతని మొహానికి జానెడు దూరంలో వంగింది. పిడి మీదినుంచి వేలుని తీసుకుంది. స్విచ్ కిందికే ఉండిపోయింది.

అతను తలెత్తి ఆమెని చూశాడు. కళ్లలోకి చెమట కారుతోంది.

"అడ్డం లే" అన్నాడు రొప్పుతూ. "ఇంకొక్కసారి లాగితే అందుకుంటుంది. ఆ తలుపు సంగతి చూడాలి."

ఆమె పక్కకి తప్పుకుంది. అతను లాగాడు. ఈసారి దగ్గు కూడా రాలేదు. మళ్లీ లాగాడు.

అక్క చెల్లెలి నడుం చుట్టూ చెయ్యి వేసింది. గుమ్మం దగ్గర జనం దారి ఇచ్చారు. వీధి చివరికొచ్చినా తాడు లాగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇద్దరి దగ్గరా కలిపి చెప్పులు ఒక్క జతే ఉన్నాయి, అవి చెల్లెలి కాళ్లకి వేసింది అక్క.

"షాపుకి వస్తాడక్కా" అంది చెల్లెలు.

"వస్తాడు."

"మరెటు పోదాం?"

చెల్లెలు గుప్పిట విప్పింది. అరచేతిలో వేలు ఒక్క క్షణం పడుకుని, లేచి, షాపు వైపు కాకుండా కుడివైపు సందులోకి చూపింది. ఆ సందు చివర పోలీస్ స్టేషన్, దాని వెనక ఆసుపత్రి. ఇన్నేళ్లూ తప్పెక్కడుందో చూపించిన వేలు మొదటిసారి దారి చూపించింది. చెల్లెలు దాన్ని మళ్లీ గుప్పిట్లో పట్టుకుంది, ఏడాది పిల్లగా ఎలా పట్టుకునేదో అలాగే. కుంటుతూ అటు నడిచింది.