ఎన్ని నీళ్లతో కడిగినా

నాలుగోసారి కడుగుతోంది ఆమె ఆ చేపల్ని. ఉప్పేసి రుద్దింది, నిమ్మకాయ పిండింది, చేతులు భగభగ మండుతున్నాయి. భర్త ఆదివారం పొద్దున్నే చెరువుకు వెళ్లి, "ఈ చేపలు తినరాదు" అన్న బోర్డుకే చొక్కా తగిలించి, బకెట్ నిండా పట్టుకొచ్చాడు. ఆ బోర్డు పెట్టడానికి కారణమైన పరీక్షలు చేసింది ఆమే. నీటి పరీక్షల ల్యాబులో ఆరేళ్లుగా ఆ చెరువు చేపల్ని ముక్కలు కోసి, మెత్తగా రుబ్బి, వచ్చిన ఫలితం కింద సంతకం పెడుతోంది. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేప కండలోనే ఉంటుందని భర్తకూ అత్తగారికీ చెప్పని వారం లేదు.

"ఇంకా బాగా కడుగు, అదే పోతుంది," అంటాడు భర్త. "ఒంటి బద్ధకానికి పాదరసమని పేరు పెట్టింది," అంటుంది అత్తగారు. విషం ఫ్యాక్టరీది, సరదా ఆయనది, చాకిరీ మాత్రం ఆమెది. ఆఫీసులో పెద్ద పెద్ద వాళ్లు ఆమె సంతకం చూసి సరే అంటారు, ఇంట్లో మాత్రం ఆమె మాటకు పూచికపుల్ల విలువ లేదు. ఒళ్లు మండిపోతోంది ఆమెకు. ఆయన మీదే కాదు, తన మీద కూడా. ఎన్ని ఆదివారాలని పోట్లాడుతుంది? ఒక్క పూటకేమవుతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుని స్టవ్ వెలిగించేది. ఇవాళా అలాగే వెలిగించింది.

మధ్యాహ్నం కూతురు నెలల బిడ్డను ఒళ్లో వేసుకుని భోజనానికి కూర్చుంది. పెళ్లయి పక్క ఊళ్లో ఉంటున్న పిల్ల, నిన్ననే వచ్చింది.

"పాలిచ్చే పిల్ల, ముందు దానికి వెయ్యి," అంది అత్తగారు.

గరిటె కూతురి కంచం దాకా వెళ్లి ఆగిపోయింది.

"నువ్వు తినకు తల్లీ. ఎంత కడిగినా పోదది. పాలల్లోంచి బిడ్డకు వెళ్తుంది."

"మళ్లీ మొదలెట్టావా?" భర్త విసుక్కున్నాడు. "వెయ్యి ముందు, చల్లారిపోతోంది."

కూతురు తండ్రి వంక చూడనైనా చూడలేదు.

"నేను కడుపుతో ఉన్నప్పుడు వారం వారం డబ్బాలో పంపావు కదమ్మా. అప్పటికి నీకు తెలీదా?"

తెలీదంటే సరిపోయేది. మీ నాన్నే పంపమన్నారనొచ్చు, అది నిజమే. రెండూ నోటిదాకా వచ్చాయి.

"తెలుసు," అంది ఆమె. "మీ నాన్నతో గొడవ పడలేక పంపాను."

ఆమె గిన్నె తీసుకెళ్లి కూరంతా చెత్తబుట్టలో బోర్లించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"రేపు సెలవు పెడుతున్నాను. నిన్నూ బిడ్డనీ రక్తపరీక్షకు నేనే తీసుకెళ్తాను. ఆ రిపోర్టు మాత్రం మీ నాన్నే చదవాలి. మనందరికీ వినబడేలా, పైకి చదవాలి."