కోటలో సమాధులు

గొడవ బకెట్ దగ్గర మొదలైంది.

"ఫ్లారిడా దాకా ప్లాస్టిక్ బకెట్ ఎవరైనా మోసుకెళ్తారా? మోటెల్లో షవర్ ఉంటుంది కదా," అన్నాడు జగన్మోహన్, కారు డిక్కీలో సూట్‌కేసులు సర్దుతూ.

"ఆ మాట మీ అమ్మగారితో చెప్పండి," అంది నళిని.

"నువ్వు చెబితే బాగుంటుంది. ఆడవాళ్ళ సంగతులు."

"బకెట్ ఎప్పట్నుంచి ఆడవాళ్ళ సంగతైంది?"

మెట్ల మీద కూర్చున్న సీతమ్మగారు అన్నీ వింటూనే ఉంది. "నెత్తిన వాన పడుతుంటే నిలబడ్డం స్నానమేమిట్రా, తడవడం అంటారు దాన్ని," అంది తాపీగా. దాంతో బకెట్టూ, అందులో చెంబూ వెనక సీట్లో తొమ్మిదేళ్ళ రేణు కాళ్ళ దగ్గరికి చేరాయి. "సో ఎంబరాసింగ్, మమ్మీ," అని రేణు అట్లాంటా దాటేదాకా ముడుచుకు కూర్చుంది.

అత్తగారు అమెరికా వచ్చి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఇది కావాలని నోరు తెరిచి అడిగింది లేదు. డిస్నీ వరల్డ్‌కి వెళ్తూ దారిలో సెయింట్ అగస్టీన్ చూద్దాం, స్పెయిన్ వాళ్ళు కట్టిన పాత ఊరు, ప్రహరీ, కోట ఉన్నాయని జగన్మోహన్ అన్నప్పుడు మాత్రం తలెత్తి చూసింది.

"కోటంటే నిజం కోటేనా? విజయనగరంలో కోటగోడ పక్క సందులోనే పుట్టాను. లోపలికి మాత్రం ఏనాడూ వెళ్ళలేదు," అంది.

నళినికి ఆ మాట గుర్తుంది. గుర్తుండే చేసింది ఆ పని.

సెయింట్ అగస్టీన్‌లో కారు పార్క్ చేశాక, టికెట్లు కొంటామని తండ్రీకూతుళ్ళు ముందు నడిచారు. అత్తగారిది మోకాళ్ళ నొప్పి. నళిని చెయ్యి పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ, ఊరి పాత ద్వారం దాకా వచ్చేసరికే ఎండ నడినెత్తికెక్కింది. ద్వారమంటే రెండు రాతి స్తంభాలు. ఆ రాయి నిండా ఆల్చిప్పల ముక్కలు. రోడ్డుకి అవతల కోట, దాని వెనక నీళ్ళు. బి.ఏ.లో హిస్టరీ చదివిన నళినికి, పెళ్ళయ్యాక ఎన్నడూ లేనట్టు, ఒక్క గంటైనా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ కోటగోడ మీద నడవాలనిపించింది.

"అత్తయ్యగారూ, కోట లోపల సమాధులున్నాయిట," అంది.

అత్తగారు చటుక్కున ఆగింది. సమాధులున్న చోట అడుగుపెడితే తలకి పోసుకుని గానీ మంచినీళ్ళు ముట్టదు. ఆ సంగతి నళినికి తెలుసు. తెలుసు కనకే ఆ మాట అంది.

"అయితే నేనిక్కడే కూర్చుంటాలే. నువ్వెళ్ళు తల్లీ," అని ఆవిడ ద్వారం పక్కన బెంచీ మీద కూర్చుంది.

"అమ్మేదీ?" అని జగన్మోహన్ అడిగితే, "మోకాళ్ళు నొప్పిట. రానన్నారు," అని నళిని రెండో అబద్ధం కూడా ఆడేసింది.

గోడ మీద గాలి బ్రహ్మాండంగా ఉంది. ఫిరంగుల పక్కన రేణుతో ఫోటోలు దిగింది, మూల బురుజులోంచి పడవల్ని చూసింది, కొంగు ఎగిరిపోతుంటే పట్టుకుని నవ్వింది. గంట గడిచిందని భర్త చెప్తే గానీ తెలీలేదు.

తిరిగొస్తూ చూసింది. అత్తగారు కూర్చున్న బెంచీకి వెనకాల, రోడ్డు పక్కనే, పిట్టగోడ లోపల నాచుపట్టిన రాళ్ళు వరసగా ఉన్నాయి. కొన్నిటి మీద శిలువలు. ఫ్లాస్కులో కాఫీ ఇస్తే అత్తగారు, "ఇప్పుడొద్దమ్మా," అంది.

మోటెల్‌కి చేరగానే బకెట్ పుచ్చుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. చెంబు చప్పుడు వినబడుతున్నంతసేపూ నళిని పులిహోర గిన్నె మూత తీసి మళ్ళీ పెడుతూ కూర్చుంది. కొంతసేపటికి ఆవిడ తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చి, మంచం అంచున కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"నువ్వెళ్ళాక వెనక్కి తిరిగి చూద్దును గదా, అన్నీ గోరీలే. ఎలాగూ తలస్నానం తప్పదు, ఇంక కోటలోవి నన్నేం చేస్తాయని బయల్దేరాను. కోట గుమ్మం ముందు వంతెన దాకా వచ్చాను కూడాను. పైన నువ్వు కనిపించావు. కొంగు పట్టుకుని నవ్వుతున్నావు. మా ఇంటికొచ్చాక నువ్వలా నవ్వగా నేను చూడలేదమ్మాయ్. నేనొస్తే మళ్ళీ నా చెయ్యి పట్టుకోవాలి నువ్వు. వెనక్కొచ్చేశాను." తువ్వాలు విప్పి జుట్టు దులుపుకుంటూ, "ఇంతకీ లోపల సమాధులు ఎటువేపున్నాయి?" అని అడిగింది.

నళిని పేపర్ ప్లేట్లు తియ్యడానికన్నట్టు అటు తిరిగింది.

మంచాల మధ్య కార్పెట్ మీద దుప్పటి పరిచి అందరూ భోజనాలకి కూర్చున్నారు. "పొద్దున్నే సిక్స్‌కల్లా స్టార్ట్ అవ్వాలి, లేకపోతే డిస్నీలో పార్కింగ్ దొరకదు," అన్నాడు జగన్మోహన్. రేణు ఎవరెవరితో ఫోటోలు దిగాలో వేళ్ళు మడిచి చెబుతోంది.

నళిని అత్తగారి ప్లేట్లో పెరుగన్నం పెట్టి, గరిటె పక్కన పెట్టింది.

"రేపు పొద్దున డిస్నీకి వెళ్ళటం లేదు. కోటకి వెళ్తున్నాం. అత్తయ్యగారికి ఎంతసేపు పడితే అంతసేపు," అంది.

"మమ్మీ, వీ ఆల్రెడీ సా ఇట్," అంది రేణు.

"నానమ్మ చూడలేదు."

"అమ్మకి మోకాళ్ళ నొప్పన్నావుగా?" అన్నాడు జగన్మోహన్.

"అది నా మాట. ఆవిడ అనలేదు." నళిని అత్తగారి వేపు తిరిగింది. "అత్తయ్యగారూ, రేపు స్నానం చేసే బయల్దేరండి. వచ్చాక మళ్ళీ పోసుకోనక్కర్లేదు. ఆ కోటలో సమాధులు లేవు."