కన్నియప్పన్ పేర వచ్చిన రిపోర్టు

మా అత్తగారు రాజలక్ష్మమ్మకు ప్రపంచంలో తెలియని జబ్బు లేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి మగవాళ్ళకు వచ్చేది కాబట్టి అది జబ్బే కాదని ఆవిడ తీర్మానం.

సౌకార్‌పేటలో మాది స్టీలు సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం. కింద కొట్టు, పైన ఇల్లు. తొంభై ఆరు నాటికి నా పెళ్ళయి తొమ్మిదేళ్ళు, పిల్లల్లేరు. ఆ తొమ్మిదేళ్ళలో నాకు లెక్కలేనన్ని స్కాన్లు తీశారు, ట్యూబుల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు, తుంటి నిండా సూదులు పొడిచారు. స్కాన్ రోజున కడుపు ఉబ్బేలా నీళ్ళు తాగి, మూత్రం బిగబట్టుకుని, గుంతల రోడ్డు మీద ఆటోలో కీల్పాక్కం ఆస్పత్రికి పోతుంటే, పక్కన అత్తగారి ఉపదేశం: "దేనికైనా ఒక అర్థం ఉంటాదిలే అలమేలూ." ఆ అర్థం నా ఒంట్లోనే ఎక్కడో దాక్కున్నట్టు అందరూ అక్కడే వెతికారు. నా భర్త శివరామ్‌ను ఒక్క చుక్క రక్తం అడిగినవాళ్ళు లేరు.

చివరికి డాక్టరమ్మే విసిగిపోయింది. మీ ఆయన టెస్టు రిపోర్టు తెస్తేనే ఇంకో సూది వేస్తానని ఫైలు మూసేసింది.

ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. "ల్యాబులో పేరు రాయల్లంట గదా. బజార్లో తెలిస్తే తలెత్తుకుని తిరుగుతామా?" అన్నారు మామగారు ఆదికేశవులు. కాసేపు ఆలోచించి ఆయనే దారి చూపించారు. "మన కన్నియప్పన్ పేరు రాయించు. వాడికి ముగ్గురు బిడ్డలుండారు. వాడికేం పోతాది?"

కన్నియప్పన్ మా కొట్టు గుమాస్తా. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన్ని ఒక మాట అడగాలని ఎవరికీ తోచలేదు. తోస్తే మా వాళ్ళెందుకవుతారు?

శివరామ్ పురసవాక్కం ల్యాబుకు వెళ్ళి కన్నియప్పన్‌గా శాంపిల్ ఇచ్చి, మళ్ళీ శివరామ్‌గా ఇంటికొచ్చాడు. రిపోర్టులో వీర్యకణాలు సున్నా. ల్యాబువాళ్ళు రెండోసారి చూశారు. అప్పుడూ సున్నాయే.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని, పేరు మీద వేలు ఆనించి, "ఇది కన్నియప్పన్‌ది గదా," అన్నారు. హాస్యమాడుతున్నారనుకున్నాను. అత్తగారు "అయ్యో పాపం!" అని నిట్టూర్చాక గాని అది హాస్యం కాదని తెలియలేదు. వారం తిరిగేసరికి అది నిజంగానే కన్నియప్పన్ రిపోర్టయి కూర్చుంది. అబద్ధాలాడేవాళ్ళను చాలామందిని చూశాను గాని, తామాడిన అబద్ధాన్ని చూసి తామే జాలిపడేవాళ్ళను మా ఇంట్లోనే చూశాను. నాకు మాత్రం కొత్త డాక్టర్ని వెతకసాగారు.

నేను నోరు మూసుకున్నాను. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. మొగుడి పరువు తీసిందంటారని భయపడ్డాను.

ఆయుధపూజ నాడు కన్నియప్పన్ భార్య పొన్నుతాయి పిల్లలతో కొట్టుకు వచ్చింది. నేను బొరుగులు పంచుతున్నాను. అత్తగారు ఆమె చిన్న కూతురి గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఎవురి పోలిక పొన్నుతాయీ? కన్నియప్పన్ జాడ యాడా కనపళ్ళేదే!" అంది. పక్కింటి ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని కిసుక్కుమన్నారు. వాళ్ళకు రిపోర్టు సంగతి ముందే చేరవేసి ఉంది మహాతల్లి.

పొన్నుతాయికి సంగతి తెలియదు. అయినా తల దించుకుంది. తప్పు చేయకుండా తల దించుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తొమ్మిదేళ్ళు నేను చేసిన ఉద్యోగం అదే. ఆ తొమ్మిదేళ్ళలో నా తరఫున ఎవరైనా ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేదని ఏడవని రోజు లేదు. ఇప్పుడు ఆ మాట అనాల్సింది నేనే.

బొరుగుల చేట కింద పెట్టాను. "ఆ రిపోర్టు కన్నియప్పన్‌ది కాదత్తా. నీ కొడుకుది," అన్నాను, వీధిలోకి వినపడేలా.

"అలమేలూ!" అని మామగారు అరిచారు. నేను శివరామ్ వైపు తిరిగాను. "మీరు చెప్పండి. పొన్నుతాయి ముందరే చెప్పండి."

అతను తక్కెడ వైపు చూశాడు, దేవుడి పటాల వైపు చూశాడు, ఇక చూడ్డానికేమీ మిగలక పొన్నుతాయి వైపు చూశాడు. "పిల్లలు పుట్టరన్న ఆ రిపోర్టు నాదేమ్మా. పేరు మాత్రం ఆయనది రాయించినాము," అన్నాడు. తొమ్మిదేళ్ళలో అతని మీద నాకు గౌరవం కలిగింది ఆ ఒక్క నిమిషమే.

పొన్నుతాయి కూతుర్ని ఎత్తుకుని, తలెత్తి అత్తగారి కళ్ళలోకి చూసింది. నవ్విన ఆడవాళ్ళు మెల్లగా చెప్పులు వెతుక్కున్నారు.

ఇప్పుడైనా ఈ ఇంట్లో ఒక్కరు, ఒకే ఒక్కరు, 'పొరపాటైపోయింది తల్లీ' అంటారని ఎదురుచూశాను. బుద్ధి లేక ఎదురుచూశాను.

అత్తగారు తేరుకుని నా దగ్గరికొచ్చింది. కొడుకును ఒకసారి ఎగాదిగా చూసి, కళ్ళు ఒత్తుకుని నన్నడిగింది.

"తొమ్మిదేండ్లుగా వాడికి ఏం వండి పెట్టినావే, బిడ్డ ఇట్లయిపోయినాడు?"